జనవరిలో మొదలు, ఫిబ్రవరిలో ఆగిపోవడం: పనుల మధ్య రోజూ బైబిలు చదవడం ఎలా నిలబడుతుంది?

మూడో_బెంచీ
ప్రైవేటు ఉద్యోగం. పొద్దున 7.30కి బస్సు, ఇల్లు చేరేసరికి రాత్రి 8. ప్రతి ఏడూ జనవరి 1 ఆరాధనలో వాగ్దాన కార్డు (ఆ ఏడాదికని ఒక బైబిలు వచనం రాసి ఇచ్చేది) తీసుకుని, అదే రోజు "ఈ ఏడాది బైబిలు మొత్తం" అని మొదలుపెడతాను. రోజుకు మూడు అధ్యాయాలు. ప్రత్యక్ష గుడారం (అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఆరాధనకు వేసుకున్న డేరా) కొలతల దగ్గరో లేవీయకాండంలోనో ఆగిపోతుంది. నాలుగేళ్లుగా ఇదే వరస. ఒక వారం తప్పితే పేరుకున్న బాకీ చూసి పుస్తకం తెరవబుద్ధి కాదు. లోపం నా భక్తిలో ఉందా, పద్ధతిలో ఉందా? "ఇంకా పొద్దున్నే లేవండి" అనేది కాకుండా వేరే ఏదైనా చెప్పండి.

బెరయ_పాఠకుడు
పద్ధతిలోనే. లెక్క వేసి చూడండి. రోజుకు మూడు చొప్పున వెళ్తే జనవరి 17కి ఆదికాండం 50 అధ్యాయాలు అయిపోతాయి. జనవరి 25న నిర్గమకాండం 25 తగులుతుంది, గుడారం కొలతలు అక్కడే మొదలు. మధ్యలో 32 నుంచి 34 వరకు బంగారు దూడ సంగతి వదిలేస్తే జనవరి 30 దాకా అవే కొలతలు. తర్వాత లేవీయకాండం ఫిబ్రవరి 8 వరకు, సంఖ్యాకాండం ఫిబ్రవరి 20 వరకు. అంటే కొత్త ఏడాది ఉత్సాహం తగ్గే వారాల్లోనే బైబిల్లో అన్నిటికన్నా గట్టి భాగం వస్తుంది. చాలామంది ఆగేది ఒకే చోట. దాన్ని భక్తి లోపం అనడం న్యాయం కాదు.

ఇంకో మాట. బాకీ కట్టొద్దు. పది రోజులు తప్పితే 30 అధ్యాయాలు. ఒక్కోటి నాలుగైదు నిమిషాలు అనుకున్నా రెండు గంటల పైనే. బస్సు పట్టుకునే మనిషికి ఆ రెండు గంటలు ఎక్కడ దొరుకుతాయి? తప్పిన రోజు తప్పిపోయింది, ఈరోజు అధ్యాయం ఈరోజు చదవాలి.

కీర్తన_119
బాకీ కట్టొద్దు అనడం వరకు సరే. కానీ ఏడాది ప్రణాళికనే తప్పు పట్టకండి. బైబిల్లో 1189 అధ్యాయాలు, పాత నిబంధన 929, కొత్తది 260. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు మూడేసి, ఆదివారం ఐదు చదివితే వారానికి 23. 52 వారాలకు 1196. ఏడు అధ్యాయాలు మిగులు కూడా. మొత్తం చదవని మనిషికి యోబు ఎక్కడ, ఆమోసు ఎక్కడ, మలాకీ ఎందుకు అనేది ఎప్పటికీ తెలియదు.

లేవీయకాండంలో ఇరుక్కోవడానికి కారణం ఒకే దారిలో వెళ్లడం. స్కాట్లాండ్‌లో డండీ సంఘ కాపరి రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం వేసిన ప్రణాళిక చూడండి. రోజూ నాలుగు చోట్ల చదువుతారు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తి. ఒక చోట బలుల విధులు నడుస్తుంటే ఇంకో చోట సువార్త నడుస్తుంది.

మూడో_బెంచీ
@కీర్తన_119 రోజుకు మూడే నిలబడనివాడికి నాలుగు చెప్తున్నారు అండీ 🙂

కీర్తన_119
రెండు చేసుకోండి. పాతది ఒకటి, కొత్తది ఒకటి. కొత్త నిబంధన 260 అధ్యాయాలు కాబట్టి వారానికి ఐదు రోజులు, రోజుకు ఒకటి చదివితే సరిగ్గా 52 వారాల్లో అయిపోతుంది. ఒక్కటి కూడా అటూ ఇటూ కాదు. శని, ఆదివారాలు ఖాళీ.

ఇద్దరు_పిల్లల_అమ్మ
మీ లెక్కలన్నీ పొద్దున అరగంట చేతిలో ఉన్నవాళ్లకు. టిఫిన్, రెండు లంచ్ బాక్సులు, స్కూలు ఆటో 7.45కి. రాత్రి పది దాటాక పుస్తకం పడితే రెండో వచనానికే కళ్లు మూతలు పడతాయి. ఈ పరిస్థితికి ఏం చేయాలి?

షిఫ్ట్_డ్యూటీ
గడియారానికి కట్టకుండా పనికి కట్టండి. "పొద్దున 5.30కి" అనుకుంటే ఒక్కరోజు ఆలస్యమైనా ఆ రోజు పోయినట్టే. "ఆటో ఎక్కించి లోపలికొచ్చాక, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నప్పుడు" అనుకుంటే, ఆటో ఎప్పుడొచ్చినా చదవడం జరుగుతుంది. రాత్రి డ్యూటీ చేసే నర్సులకు, సెక్యూరిటీ వాళ్లకు వేరే దారి లేదు, వాళ్ల పొద్దు వారం వారం మారుతుంది. డ్యూటీ దిగి స్నానం అయ్యాక, అన్నానికి ముందు. ఈ వరస ఏ షిఫ్ట్‌లోనైనా మారదు.

పట్టుకునే పని మూడు విషయాల్లో సరిపోవాలి. రోజూ తప్పకుండా జరిగేదై ఉండాలి, తర్వాత కనీసం పది నిమిషాలు కూర్చునే వీలుండాలి, బైబిలు అక్కడే చేతికందాలి. మూడోది చాలామంది మర్చిపోతారు. పుస్తకం బీరువాలో ఉంటే లేచి తీసుకునే లోపు ఇంకో పని కనబడుతుంది. టీ తాగే చోటే పెట్టండి, గుర్తు రిబ్బను వేసి.

కనీస పరిమితి కూడా ముందే పెట్టుకోండి. ఎంత చెడ్డ రోజైనా ఐదు వచనాలు. మంచి రోజు ఎన్ని అధ్యాయాలైనా చదవండి, కానీ దాన్ని రేపటి లెక్కగా మార్చుకోవద్దు. ఆదివారం నాలుగు చదివామని సోమవారం నాలుగు అనుకుంటే బుధవారానికి సున్నా.

వరంగల్_తమ్ముడు
ఫోన్ల చదువుడు గురించి ఎవ్వరు చెప్తలేరు. బస్సుల పుస్తకం తీయనీకి జాగ ఉండదు, ఫోనే దిక్కు. గని వాట్సాప్ మోగినాదంటే అధ్యాయం గాడికే అయిపోతది. యూవర్షన్ యాప్‌ల తెలుగు బైబిలు ముందుగాల్నే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలె, చదివేటప్పుడు నెట్ బంద్ చేయాలె. గంతే. నెట్ లేకున్నా అక్షరం వస్తది.

పాత_ప్రతి
అయినా ఇంట్లో మాత్రం పుస్తకమే పట్టుకోండి. ఏ పేజీలో ఎడమ పక్కనా కుడి పక్కనా అని కంటికి గుర్తుండిపోతుంది, తర్వాత వెతుక్కోవడం తేలిక. నలభై దాటినవాళ్లు జేబు సైజు ప్రతితో కుస్తీ పట్టొద్దు. చిన్న అక్షరం వల్ల వచ్చే అలసటను నిద్ర అనుకుంటారు. పెద్దక్షరాల ప్రతి కొనండి. గీతలకు పెన్సిల్ వాడండి, ఆ పల్చటి కాగితం మీద జెల్ పెన్ను వెనక పేజీకి దిగి అక్కడి వచనాలు పాడుచేస్తుంది.

కువైట్_నుంచి
ఇళ్లల్లో పనిచేసే మా తెలుగువాళ్లకు పుస్తకం పట్టుకునే తీరిక ఉండదు. వినడమే కుదురుతుంది. వినడం చదవడంతో సమానమేనా?

పాత_ప్రతి
సమానం కాదనే నా అభిప్రాయం. చెవిలో పడుతూ ఉంటుంది, మనసు కూరగాయల మీద ఉంటుంది.

బెరయ_పాఠకుడు
@పాత_ప్రతి ఇక్కడ మీతో ఏకీభవించను. కొత్త నిబంధనలోని పత్రికలు, అంటే సంఘాలకు రాసిన ఉత్తరాలు, రాసింది వినిపించడానికే. కొలొస్సయులకు 4:16 చూడండి, మీ దగ్గర చదివాక లవొదికయ సంఘంలో కూడా చదివించమంటాడు పౌలు. 1 థెస్సలొనీకయులకు 5:27లో సహోదరులందరికీ చదివి వినిపించమని ఆన పెట్టి చెప్తాడు. ప్రకటన 1:3లో చదివేవాడు ఒకడు, వినేవాళ్లు అనేకులు. ఎవరి ఇంట్లో వాళ్లకు ఒక ప్రతి అనేది చాలా తర్వాతి సంగతి.

కాకపోతే అన్ని భాగాలూ వినడానికి ఒకేలా కుదరవు. కథనం బాగా కుదురుతుంది: ఆదికాండం, రూతు, సమూయేలు, సువార్తలు, అపొస్తలుల కార్యములు. చిన్న పత్రికలూ కుదురుతాయి. సామెతలు 10 నుంచి 29 వరకు కుదరదు, ప్రతి వచనం ఒక వేరే మాట కాబట్టి ఒకటి మనసుకెక్కేలోపు నాలుగు దాటిపోతాయి. అది కళ్లతో చదవాల్సింది. మనసు చెదిరితే మందు ఒకటే, కొత్త అధ్యాయానికి పోకుండా అదే మళ్లీ వినడం. పని చేస్తూ వినేవాళ్లు మార్కు సువార్త 16 అధ్యాయాలను రోజుకొకటి చొప్పున, ఒక్కోటి రెండుసార్లు వినండి. పదహారు రోజులకు సువార్త మొత్తం రెండుసార్లు అయినట్టు.

కువైట్_నుంచి
ఇది కుదురుతుంది. ఇక్కడ ఆరాధన శుక్రవారం, ఆ రోజు పుస్తకంలో చదువుకోవచ్చు.

ఇంగ్లిష్_మీడియం
ఇంకో ఇబ్బంది. హైదరాబాద్‌లో పెరిగిన నాలాంటివాళ్లకు తెలుగు అక్షరాలు వచ్చు గానీ ఆ భాష అర్థం కాదు. "సెలవిచ్చెను" అంటే దేవుడు హాలిడే ఇచ్చాడేమో అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు 😀

పాత_ప్రతి
సెలవిచ్చెను అంటే మాట్లాడెను, ఆజ్ఞ ఇచ్చెను అని. పెద్దల మాటకు గౌరవంగా వాడేది. ఇలాంటివి నిజానికి ముప్పై నలభై మాటలే ఉంటాయి, అవి తెలిస్తే చాలావరకు దారి తెరుచుకుంటుంది. ఏల అంటే ఎందుకు. ఏలయనగా అంటే ఎందుకంటే. గనుక అంటే కాబట్టి. ఈ మూడూ రోమా పత్రికలో అడుగడుగునా వస్తాయి, వాటిని వదిలేస్తే పౌలు వాదం తెగిపోతుంది. బైబిలు వెనక అట్ట లోపల ఒక తెల్లకాగితం అంటించి తెలియని మాట తగిలినప్పుడల్లా రాసుకోండి. అర్థం ఆ రోజే వెతకక్కర్లేదు, ఆదివారం గుడిలో పెద్దవాళ్లను అడగొచ్చు.

షిఫ్ట్_డ్యూటీ
చదివే వేగం కోసం: ఆడియో పెట్టుకుని పుస్తకంలో వేలు కింద పెట్టి గీతలా జరుపుతూ పోండి. రోజుకు ఒక అధ్యాయం. రెండు మూడు నెలలకు ఆడియో అక్కర్లేకుండా పోతుంది. వాడుక తెలుగు అనువాదం తీసుకున్నా తప్పు లేదు. కానీ గుడిలో చదివేది పాత అనువాదమే కాబట్టి కంఠతా వాక్యాలు మాత్రం అందులోవే పట్టండి, లేకపోతే పది మందిలో చెప్పేటప్పుడు రెండూ కలిసిపోతాయి.

ఆర్సీఎం_అక్క
మా కతోలికుల వైపు ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే ఏ రోజు ఏది చదవాలో దివ్యపూజ (మా గుడి ఆరాధన) పఠనాల్లో ముందే ఉంటుంది. ఆదివారాలకు మూడేళ్ల చక్రం: ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా. యోహాను సువిశేషం (మీరు సువార్త అనేదే) పాస్కా కాలంలో, అంటే ఈస్టర్ రోజుల్లో, ఎక్కువగా వస్తుంది. మామూలు రోజుల్లో మొదటి పఠనానికి రెండేళ్ల చక్రం, సువిశేషం మాత్రం ఏటా ఒకటే. ఎంత చదవాలో నిర్ణయించుకునే పని లేకపోవడమే పెద్ద సాయం. ఒక పఠనం, ఒక కీర్తన, ఒక సువిశేష భాగం, పది నిమిషాల లోపే. అదే రోజు అదే భాగాన్ని ఊళ్లోవాళ్లూ విదేశంలో ఉన్న బంధువులూ చదువుతారు కాబట్టి ఫోన్లో మాట్లాడుకోవడానికీ ఉంటుంది.

కీర్తన_119
అక్కా, మంచిదే. కానీ అందులో పాత నిబంధన చాలా భాగం రాదు కదా?

ఆర్సీఎం_అక్క
నిజమే, మొత్తం రాదు. మొత్తం చదవాలంటే విడిగా చదవాల్సిందే. రోజూ చదివే అలవాటు పడటానికి మాత్రం ఇది గట్టి మెట్టు అంటున్నాను.

ఇద్దరు_పిల్లల_అమ్మ
కుటుంబ ప్రార్థనలో చదివేది లెక్కలోకి వస్తుందా? వరసగా తలా ఒక వచనం చదువుతాం.

షిఫ్ట్_డ్యూటీ
వస్తుంది, కానీ ఆ తలా ఒక వచనం మానేయండి. పిల్లలు తమ వచనం ఏదో ముందే లెక్కపెట్టుకుని దాన్నే తడుముకుంటూ ఉంటారు, మిగతాది వినరు. తన వంతు అయిపోయిన పిల్లాడు ఇక అసలే వినడు. ఒక రాత్రి ఒక్కరే మొత్తం చదవాలి, రేపు ఇంకొకరు. పది పన్నెండు వచనాలు చాలు, కథ ఆగే చోట ఆపండి. చదివాక ఒక్క ప్రశ్న, "ఇందులో ఎవరెవరు ఉన్నారు?" అని. ఆరేళ్ల పిల్ల కూడా చెప్పగలదు.

బెరయ_పాఠకుడు
కథ ఆగే చోట అన్నారు, అది ముఖ్యం. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసింది, కొత్త నిబంధనకు ఇప్పటి వచనాల అంకెలు 1551లో రోబేర్ ఎస్తియెన్ అచ్చులో వేసినవి. మూల రచయితలు పెట్టినవి కావు. అందుకే కొన్నిచోట్ల గీత తప్పు చోట పడింది. ఏడవ దినాన విశ్రాంతి సృష్టి కథలో భాగం, కానీ అది ఆదికాండం 2:1-3లోకి పోయింది. బాధపడే సేవకుని సంగతి యెషయా 53లో కాదు, 52:13లో మొదలవుతుంది. 1 కొరింథీయులకు 11:1 నిజానికి పదో అధ్యాయపు చివరి మాట. అధ్యాయం పూర్తయింది కాబట్టి పుస్తకం మూయాలని లేదు, రెండు వచనాలు ముందుకు చూసి ఆపండి.

మూడో_బెంచీ
ఇవన్నీ బాగున్నాయి. కానీ గుడారం కొలతలు, లేవీయకాండం సంగతి? వదిలేయమంటారా?

పాత_ప్రతి
వదలొద్దు. చదివే తీరు మార్చండి. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా, మల్లెపూలు కొలిచే మూరే, సుమారు అడుగున్నర. గుడారపు ఆవరణం నూరు మూరల పొడుగు, ఏబది మూరల వెడల్పు. అంటే 150 అడుగులు, 75 అడుగులు. 1250 గజాలు, మన లెక్కలో దాదాపు 26 సెంట్లు. ఇంత చిన్న స్థలం చుట్టూ ఒక జాతి మొత్తం గుడారాలు వేసుకుని ఉందని తెలిస్తే ఆ కొలతలు వేరేగా కనిపిస్తాయి. ఒక కాగితం మీద చతురస్రాలు గీసుకుని, బలిపీఠం, గంగాళం, బల్ల, దీపస్తంభం, తెర, మందసం వరసగా పెట్టండి. నిర్గమ 25 నుంచి 30 వరకు ఆ కాగితం పక్కన పెట్టుకుని చదవండి. 35 నుంచి 40 వరకు ఎక్కువగా అదే పని చేసి చూపించడం కాబట్టి తొందరగా పోవచ్చు.

లేవీయకాండానికి జత పెట్టుకోండి. 12వ అధ్యాయం చదివిన రోజు లూకా 2:22-24 చదవండి. గొర్రెపిల్లను తేలేని తల్లి రెండు గువ్వలనో పావురపు పిల్లలనో తేవచ్చని ధర్మశాస్త్రం. మరియ తెచ్చింది అదే. ఆ ఇల్లు పేదిల్లని లూకా ఎక్కడా నోటితో చెప్పడు, ఈ బలితోనే చెప్తాడు. లేవీయకాండం తెలియకపోతే ఆ వచనం ఊరికే దాటిపోతుంది. 16వ అధ్యాయం రోజు హెబ్రీయులకు 9 చదవండి. 19వది చదివితే పొరుగువానిని ప్రేమింపవలెను అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది.

కీర్తన_119
👏 ఆ గువ్వల మాట ఆదివారం బడిలో చెప్పాలి.

వరంగల్_తమ్ముడు
రోజు పొద్దుగాల వాట్సాప్‌ల వాగ్దానం బొమ్మ వస్తది గదా, గది చదివితే సరిపోదా?

బెరయ_పాఠకుడు
సరిపోదు తమ్ముడూ. ఎక్కువగా వచ్చేది యిర్మీయా 29:11. అది బబులోనుకు చెరపట్టబడినవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరంలో మాట. దాని ముందు వచనం డెబ్బది సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానంటుంది. 5, 6 వచనాలు అక్కడే ఇళ్లు కట్టుకుని, తోటలు నాటి, పిల్లల్ని కనమంటాయి. ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరిగి రాలేదు. అంత ఓపిక అడిగే మాటను ఈ వారంలో జరిగే మంచికి గుర్తుగా పంపుకుంటున్నాం. బొమ్మ వచ్చినప్పుడు పంపడం మానక్కర్లేదు, ఆ అధ్యాయం తెరిచి ముందు పది, వెనక పది వచనాలు చదవండి. వాగ్దాన కార్డుకూ ఇదే చేయొచ్చు, ఏడాది మొదటి వారం ఆ వచనం ఉన్న పుస్తకంతో మొదలుపెట్టడం.

ఇంగ్లిష్_మీడియం
గ్రూపు పెట్టుకుంటే నిలబడుతుందా? మా యూత్‌లో రెండుసార్లు పెట్టారు, ఆగిపోయింది.

షిఫ్ట్_డ్యూటీ
నలభై మందితో పెడితే ఆగుతుంది. ఎవరు చదవలేదో ఎవరికీ తెలియదు, పది రోజులకు పండగ బొమ్మలు మొదలవుతాయి. ముగ్గురు, మహా అయితే నలుగురు. పంపేది అధ్యాయం అంకె మాత్రమే, "లూకా 7" అని. చదవకపోతే ఏమీ పంపొద్దు, సాకు రాయొద్దు. మూడు రోజులు ఖాళీగా ఉంటే మిగతావాళ్లలో ఒకరు ఫోన్ చేయాలి, మెసేజ్ కాదు. చదవలేదేమని కాదు, ఎలా ఉన్నారని అడగాలి. చాలాసార్లు ఇంట్లో జ్వరమో డబ్బు ఇబ్బందో బయటపడుతుంది, ప్రార్థన అక్కడ కావాలి.

పాత_ప్రతి
కీర్తనలకు ఒక సులువు. ఈరోజు తేదీ కీర్తన, దానికి ముప్పై చొప్పున కలుపుకుంటూ పోండి. 7వ తేదీ అయితే 7, 37, 67, 97, 127. ఐదింటిలో మనసుకు తగిలిన ఒకటి చదివినా సరే. 119వ కీర్తన 29న వస్తుంది, 176 వచనాలు కాబట్టి దాన్ని 31 ఉన్న నెలల్లో ఆ రోజుకు దాచండి. లేదా ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగా ఉంది, రోజుకు ఒక భాగం.

మూడో_బెంచీ
అందరూ చెప్పింది కలిపి ఒకటి అనుకుంటున్నాను. ఏడాదిలో మొత్తం అనే మాట పక్కన పెట్టి, కథ నడిచే పుస్తకాలే వరసగా, రోజుకు ఒక్క అధ్యాయం. బస్సులో వినడం, రాత్రి అన్నం తిన్నాక అదే అధ్యాయంలో పది వచనాలు పుస్తకంలో. ఏ పుస్తకాలు తీసుకోవాలి?

బెరయ_పాఠకుడు
ఆదికాండం 50, నిర్గమ 40, సంఖ్యా 36, యెహోషువ 24, న్యాయాధిపతులు 21, సమూయేలు రెండూ కలిపి 55, రాజులు రెండూ 47, ఎజ్రా 10, నెహెమ్యా 13, లూకా 24, అపొస్తలుల కార్యములు 28. మొత్తం 348. సంఖ్యాకాండం 7 దగ్గర జాగ్రత్త, 89 వచనాలు, పన్నెండు మంది ప్రధానులు తెచ్చిన ఒకే రకం అర్పణ పన్నెండుసార్లు వస్తుంది. మొదటివాడిది పూర్తిగా చదివి మిగతావాళ్ల పేర్లు మాత్రం చూసుకోండి. 1 రాజులు 12లో రాజ్యం రెండుగా చీలుతుంది. అక్కడి నుంచి కాగితం మీద రెండు గళ్లు గీసి, ఇశ్రాయేలు రాజులు ఒక పక్క, యూదా రాజులు ఒక పక్క రాసుకుంటూ పోవాలి, లేకపోతే ఇద్దరు యెహోరాముల దగ్గర దారి తప్పుతుంది. ఒక గడి క్రీ.పూ. 722లో ఇశ్రాయేలు రాజధాని సమరియ పడటంతో ఆగుతుంది, రెండోది 586లో యూదా రాజధాని యెరూషలేముతో.

తేదీలు వేయకండి. 348 గళ్లు గీసి చదివిన రోజు ఒక గడి నింపండి. తప్పిన రోజుకు గడి ఉండదు కాబట్టి బాకీ కూడా ఉండదు.

మూడో_బెంచీ
365లో ఇంకా 17 మిగులుతాయి కదా?

పాత_ప్రతి
లేవీయ 12, 16, 19 నిర్గమ తర్వాత పెట్టండి. ద్వితీయోపదేశ 6, 8, 34 యెహోషువకు ముందు, మోషే చనిపోవడం తెలియకుండా యొర్దాను దాటకూడదు. రూతు నాలుగు న్యాయాధిపతుల తర్వాత. హగ్గయి రెండూ ఎజ్రా 5 చదివిన వారంలో. పన్నెండు అయ్యాయి. మిగతా ఐదు జ్వరం వచ్చిన రోజులకు ఉంచుకోండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఆ గళ్ల కాగితం ఎవరైనా గీసి ఇక్కడ పెడతారా? ఫ్రిజ్ మీద అంటిస్తాను, నింపే పని పిల్లలకు ఇస్తాను.

షిఫ్ట్_డ్యూటీ
రేపు డ్యూటీ దిగాక గీసి పెడతాను అక్కా. ఒక్కో పుస్తకం పేరు పక్కన దాని అధ్యాయాల గళ్లు, అంతా ఒకే పేజీలో వస్తుంది.